బెల్టు కంటే ముందు బోల్టు: సొంతంగా కట్టిన బండికి సీటు బెల్టు బిగించడం ఎలా?

పోయిన ఎండాకాలం పర్లాకిమిడిలో మా షెడ్డు ముందు ఒక మినీ లారీ ఆగింది. గుణుపురంలో ఇంజనీరింగ్ చదువుతున్న మా మేనల్లుడు, వాడి స్నేహితులు కలిసి కట్టిన బగ్గీ దాని మీద ఉంది. పాత మారుతి 800 ఇంజను, పైపులతో కట్టిన ఫ్రేము, రెండు సీట్లు. "మావయ్యా, ముందు బెల్టు చూడు. నాలుగు పాయింట్లది, ఆన్‌లైన్‌లో తెప్పించాం" అని మురిసిపోతూ చూపించాడు. బెల్టు నిజంగానే బాగుంది. ఎర్రగా, మందంగా, మెరిసే బకిల్‌తో ఉంది. నేను సీటు వెనక్కి వెళ్లి వంగి చూశాను. భుజాల పట్టీలు రెండూ సీటు వీపు పైపుకే చుట్టి ఉన్నాయి. నడుం పట్టీలు సీటు పట్టాలకు 8 మిల్లీమీటర్ల బోల్టులతో బిగించి ఉన్నాయి. ఆ సీటు మొత్తం ఒకటిన్నర మిల్లీమీటర్ల రేకు మీద నాలుగు బోల్టులతో నిలబడి ఉంది.

"ఒరేయ్, నిన్ను బెల్టు పట్టుకుంటుంది. బెల్టును సీటు పట్టుకుంటుంది. మరి సీటును ఎవరు పట్టుకుంటారు?" అని అడిగాను. వాడు మాట్లాడలేదు.

షెడ్డులో ఇంజన్లు దించే చైన్ పుల్లీ ఉంది. ఫ్రేము వెనక భాగాన్ని స్తంభానికి కట్టి, పుల్లీ కొక్కెం భుజాల పట్టీలకు తగిలించి, అందరం దూరంగా నిలబడి ముందుకు లాగాం. గొలుసు నాలుగుసార్లు లాగేసరికి సీటు వీపు వంగింది. ఇంకో నాలుగు లాగులకు రేకు అప్పడంలా పైకి లేచింది. వెనక బోల్టు ఒకటి వాషరుతో సహా రేకును చీల్చుకుని బయటికి వచ్చింది. బెల్టు మీద మాత్రం గీత కూడా పడలేదు.

ఆ తర్వాత వారం రోజులు కూర్చుని దాన్ని మొత్తం మళ్లీ కట్టాం. మీరు పొలంలో తిరగడానికి బగ్గీ కడుతున్నా, కాలేజీ పోటీకి బండి తయారు చేస్తున్నా, బెల్టులే లేని పాత జీపుకు కొత్తగా పెట్టుకుంటున్నా, ఆ వారంలో మేం చేసిన పనులే మీరూ చేయాలి. అదే వరసలో చెబుతాను.

ముందు ఒక చిన్న లెక్క

గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోతున్న బండి చెట్టుకు గుద్దుకుంది, లోపలి మనిషి అర మీటరు దూరంలో ఆగాడు అనుకోండి. అప్పుడు అతని ఒంటి మీద పడే బలం సగటున అతని బరువుకు 12, 13 రెట్లు ఉంటుంది. అంటే 70 కిలోల మనిషి ఆ క్షణంలో బెల్టును దాదాపు 880 కిలోల బరువుతో లాగుతాడు. ఇది సగటు మాత్రమే, మధ్యలో ఒక్క క్షణం ఇంతకంటే ఎక్కువే పడుతుంది. మన ఘాట్ దారుల్లో 40 పెద్ద వేగం కాదు. రాయగడ వైపు నుంచి దిగేటప్పుడు గేరులో ఉన్న బండి కూడా దానంతటదే అంత వేగం అందుకుంటుంది.

అందుకే మోటార్ స్పోర్ట్‌కు ప్రపంచ సంస్థ అయిన ఎఫ్‌ఐఏ, నడుం పట్టీలు, భుజాల పట్టీలు బండికి బిగిసే ఒక్కో చోటు 1,470 డెకాన్యూటన్ల లాగుడు తట్టుకోవాలని నియమం పెట్టింది. మన లెక్కలో సుమారు 1,500 కిలోలు. కాళ్ల మధ్య నుంచి వచ్చే పట్టీకి 720 డెకాన్యూటన్లు. రెండు పట్టీలు ఒకే చోట బిగిస్తే ఆ చోటు రెండు బలాలనూ కలిపి మోయాలి. బెల్టు కొస బండికి బిగిసే ఆ చోటును ఇక్కడ నుంచి "పట్టు" అంటాను. ఈ వ్యాసంలో సగానికి పైగా దాని గురించే.

ఇంకో మాట. ఇంట్లో కట్టిన బండిని రోడ్డు మీదికి తేవడం వేరే వ్యవహారం. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోని 126వ నిబంధన ప్రకారం నమూనా బండిని పుణెలోని ఏఆర్‌ఏఐ లాంటి వాహన పరీక్షా సంస్థలో పరీక్ష చేయించి ఆమోదం తీసుకోవాలి. అది లేకుండా ఆర్టీవో రిజిస్ట్రేషన్ రాదు. కాబట్టి మీ బండి సొంత పొలానికీ, కాలేజీ మైదానానికీ, పోటీ ట్రాక్‌కూ పరిమితం. పొలం గట్టు మీద బోల్తా పడ్డ బండి కూడా మెడ విరుస్తుంది, అందుకని పొలం బండే కదా అని బెల్టు దగ్గర తగ్గకండి.

మొదటి పని: ఏ బెల్టు కావాలో తేల్చుకోవడం

నడుముకు అడ్డంగా ఒకే పట్టీ ఉండి, బండికి రెండు చోట్ల బిగిసే రెండు పాయింట్ల బెల్టు మనిషి బండిలోంచి ఎగిరిపోకుండా ఆపుతుంది కానీ, పైభాగం ముందుకు మడత పడి మొహం స్టీరింగుకు కొట్టుకుంటుంది. డ్రైవరుకు దాన్ని పెట్టకండి.

మూడు పాయింట్లది మీ కార్లలో రోజూ చూసేదే. 1959లో వోల్వో ఇంజనీరు నిల్స్ బోలిన్ తెచ్చిన రూపమే ఇప్పటికీ నడుస్తోంది. ఆ కంపెనీ పేటెంటును తనకే ఉంచుకోకుండా మిగతా కంపెనీలకూ వాడుకోనిచ్చింది. నిదానంగా నడిచే, పైకప్పు ఉన్న బండికి, పాత జీపుకు ఇదే మంచిది. పెట్టుకోవడం తేలిక కాబట్టి జనం నిజంగా పెట్టుకుంటారు. ఈ గుణాన్ని తక్కువగా చూడకండి.

నాలుగు పాయింట్లది చూడ్డానికి గట్టిగా కనిపిస్తుంది. దాంట్లో ఒక ప్రమాదం దాగి ఉంది. గుద్దుకున్నప్పుడు ఛాతీ ముందుకు తోసుకొస్తుంది, భుజాల పట్టీలు బిగుస్తాయి, వాటితో పాటు బకిల్ పైకి లేస్తుంది. బకిల్ లేస్తే నడుం పట్టీ తుంటి ఎముకల మీద నుంచి జారి మెత్తటి పొట్ట మీదికి వస్తుంది. మనిషి కింది నుంచి జారిపోతాడు. ఎముక మోయాల్సిన బలాన్ని పేగులు, కాలేయం మోస్తాయి. దీన్ని ఆపడానికే అయిదో పట్టీ, కాళ్ల మధ్య నుంచి వచ్చి బకిల్‌ను కిందికి పట్టి ఉంచుతుంది. ఆరు పాయింట్లదైతే ఆ పట్టీ రెండుగా చీలి రెండు తొడల పక్క నుంచి వస్తుంది, ఒంటికి కాస్త సుఖం కూడా. హార్నెస్, అంటే ఇలా రెండు భుజాలనూ నడుమునూ కలిపి కట్టే బెల్టు, పెట్టాలని మీరు నిశ్చయించుకుంటే అయిదుకు తగ్గవద్దు. మా మేనల్లుడి ఎర్ర బెల్టును ఈ కారణంగానే వెనక్కి పంపించాం.

హార్నెస్ పెట్టాలంటే రోల్ కేజ్, అంటే బండి బోల్తా పడినా నలగకుండా మనిషి చుట్టూ కట్టే పైపుల గూడు, ఉండి తీరాలి. మూడు పాయింట్ల బెల్టులో ఉన్న మనిషి, పైకప్పు నలిగి కిందికి వస్తే పక్కకు ఒరగగలడు. హార్నెస్‌లో ఉన్న మనిషి నిటారుగా కట్టుబడి ఉంటాడు, పైనుంచి వచ్చేదంతా నెత్తికీ మెడకీ తగులుతుంది. ఆ కేజ్ కూడా సరైన పైపుతో కట్టాలి. ఇంజనీరింగ్ విద్యార్థులు సొంతంగా బగ్గీలు కట్టి పాల్గొనే బాజా పోటీ నిబంధనల్లో ముఖ్యమైన పైపులకు 25 మిల్లీమీటర్ల వెలుపలి వ్యాసం, 3 మిల్లీమీటర్ల మందం, కనీసం 0.18 శాతం కార్బన్ ఉన్న ఉక్కు అని ఉంటుంది. నీళ్లకు వేసే జీఐ పైపు దొరికింది కదా అని దాంతో కేజ్ కడుతున్నవాళ్లను చూశాను. దయచేసి ఆ పని చేయకండి. దాని మీది జింకు పూత వెల్డింగును పాడుచేస్తుంది, ఆ పొగ పీల్చినవాడికి రాత్రికి జ్వరం వస్తుంది.

రెండో పని: కొనడం

కొత్తది కొంటే పట్టీ మీద కుట్టిన లేబుల్ చదవండి. ఎఫ్‌ఐఏ ఆమోదం ఉన్న హార్నెస్ మీద అది ఏ సంవత్సరం చివరిదాకా చెల్లుతుందో రాసి ఉంటుంది. అమెరికా సంస్థ ఎస్‌ఎఫ్‌ఐ 16.1 లేబుల్ ఉన్నవాటికి తయారైన తేదీ నుంచి రెండేళ్లే గడువు. ఎందుకంటే పాలిస్టర్ దారం ఎండకు నెమ్మదిగా చచ్చిపోతుంది, చూపుకు తెలియదు. లేబుల్ లేనిది ఎంత చవకైనా వదిలేయండి. నేను ఒకసారి పాత సామాన్ల దుకాణంలో లేబుల్ కత్తిరించేసిన హార్నెస్‌ను కొత్తదన్న మాట నమ్మి కొన్నాను. ఇంటికొచ్చి పట్టీ పొడవు సర్దే అడ్జస్టర్ దగ్గర మడత విప్పితే లోపలి రంగు ముదురు నీలం, బయటి రంగు వెలిసిన ఆకాశం రంగు. ఎన్నేళ్లు ఎండలో ఉందో ఆ రెండు రంగులే చెప్పాయి.

బకిల్ రెండు రకాలు. గుండ్రంగా తిప్పి విడదీసేది ఒకటి, మీట ఎత్తితే విడిపోయేది ఒకటి. మన ఎర్రమట్టి దారులకు మీట రకమే మేలని నా అభిప్రాయం. తిప్పే బకిల్ లోపల సన్నటి మట్టి చేరితే పళ్లు పట్టేస్తాయి.

మూడు పాయింట్ల బెల్టును పాత కారు నుంచి తీసుకోవాలనుకుంటే మూడు చూడండి. ఒకటి, ఆ కారు యాక్సిడెంటు అయినది కాకూడదు. ఒకసారి బలం మోసిన పట్టీ సాగిపోయి ఉంటుంది, రెండోసారి పనికిరాదు. పట్టీని చివరిదాకా బయటికి లాగి చూడండి, అంచులు అలలు అలలుగా ఉన్నా, లోహపు నాలుక పట్టీని ఒరుసుకున్న చోట మెరుపు గీత ఉన్నా వద్దు. రెండు, పట్టీని లోపలికి చుట్టుకునే రిట్రాక్టర్ దగ్గర వైరు కనెక్టర్ ఉంటే అది మందుగుండుతో బెల్టును బిగించే ప్రీటెన్షనర్ రకం. దాన్ని విప్పకండి, వెల్డింగ్ దగ్గరికి తేకండి, వదిలేయండి. మూడు, రిట్రాక్టర్ లాక్ పనిచేయాలి. పట్టీని చటుక్కున లాగితే పట్టేయాలి, నెమ్మదిగా లాగితే రావాలి.

రిట్రాక్టర్ గురించి మెకానిక్కులు కూడా తప్పు చేసే విషయం ఒకటుంది. దాని లోపల ఒక చిన్న గుండు గానీ లోలకం గానీ ఉంటుంది. బండి ఒరిగినా, గట్టిగా బ్రేకు పడినా అది కదిలి లాక్ వేస్తుంది. అంతర్జాతీయ నిబంధన ప్రకారం దాన్ని అది ఉండాల్సిన కోణం నుంచి 12 డిగ్రీల దాకా వంచినా లాక్ పడకూడదు, 27 డిగ్రీలు దాటితే పడాలి. అంటే పాత కారులో అది ఏ కోణంలో నిలబడి ఉందో మీ బండిలోనూ అదే కోణంలో నిలబడాలి. విప్పే ముందే ఫోన్‌తో పక్క నుంచి, ముందు నుంచి ఫొటో తీసి పెట్టుకోండి. పైపు వాలుగా ఉంది కదా అని దాంతోపాటే వాల్చి బిగిస్తే ఎప్పుడూ లాక్ పడి ఉంటుంది, లేదా అవసరమైనప్పుడు ఆలస్యంగా పడుతుంది.

మూడో పని: సీటు ముందు, బెల్టు తర్వాత

సీటు స్థిరపడనిదే పట్టుల కొలతలు తీయకండి. సీటు రేకు మీద కాదు, ఫ్రేము పైపుల మీద కూర్చోవాలి. హార్నెస్ వాడితే సీటు ముందుకూ వెనక్కూ జరిగే పట్టాలు లేకుండా ఒకే చోట బిగించడం మంచిది, ఎందుకంటే సీటు జరిగితే పట్టీల కోణాలన్నీ మారిపోతాయి. వీపు భాగంలో భుజాల పట్టీలకు, కింద నడుం పట్టీలకు కన్నాలు ఉన్న సీటు చూడండి. నడుం పట్టీ సీటు అంచు మీద నుంచి పోకూడదు, ఆ కన్నంలోంచే రావాలి.

నాలుగో పని: నడుం పట్టీల పట్టు

ఇక్కడ తొందరపడకండి. మేం ఒక పూట దీని మీదే గడిపాం.

బండి నడిపేవాళ్లను వేసుకునే బట్టలతోనే సీటులో కూర్చోబెట్టండి. వీపు పూర్తిగా వెనక్కి ఆనించమనండి. బొటనవేలితో నడుం పక్కన నొక్కుకుంటూ పోతే ముందువైపు తుంటి ఎముక కొన తగులుతుంది. నడుం పట్టీ ఆ కొనకు కాస్త కింద, తొడ మడత దగ్గర నుంచి పోవాలి. అక్కడ ఒక టేపు ముక్క అంటించండి. ఇప్పుడు పురికొస ఒక కొసను ఆ టేపు దగ్గర పట్టుకుని, రెండో కొసను సీటు కన్నంలోంచి ఫ్రేము దాకా లాగండి. ఆ తాడు నేలకు అడ్డంగా ఉన్న గీతతో 45 నుంచి 65 డిగ్రీల మధ్య కోణం చేయాలి. నిటారుగా కూర్చునే సీటుకు 60 దగ్గర పెట్టుకోవడం నాకు ఇష్టం.

కోణమానిని లేకపోయినా పరవాలేదు. టేపు నుంచి తూకం గుండు వదలండి. గుండు 26 సెంటీమీటర్లు దిగిన చోట, అక్కడి నుంచి తాడు వెనక్కి 15 సెంటీమీటర్ల దూరంలో ఉంటే అది 60 డిగ్రీలు. దిగినదీ వెనక్కి పోయినదీ సమానమైతే 45.

పట్టు మరీ వెనక్కి పోతే తాడు వాలిపోతుంది, గుద్దుకున్నప్పుడు నడుం పట్టీ పొట్ట మీదికి ఎగబాకుతుంది. మరీ కిందికి, దాదాపు నిలువుగా ఉంటే మనిషి పట్టీ బిగిసేలోపే ముందుకు చాలా దూరం జరుగుతాడు. మా బండిని ఇద్దరు నడుపుతారు. ఒకడు సన్నం, పొడుగు. ఇంకొకడు బొద్దుగా, కాస్త పొట్టి. మొదటివాడికి 62 వచ్చిన చోట రెండోవాడికి 54 వచ్చింది. రెండూ హద్దుల్లో ఉన్నాయి కాబట్టి అక్కడే గుర్తు పెట్టాం. ఒక్కడినే కొలిచి ఉంటే తెలిసేది కాదు.

పట్టు దగ్గర వెల్డ్ చేసే పలక కనీసం 3 మిల్లీమీటర్ల ఉక్కు ఉండాలి. పలక పట్టీ లాగే దిక్కులోనే నిలబడాలి. తాడు ఏ గీతలో పోతోందో పలక ఆ గీతలోనే నిలబడితే బలం సూటిగా పడుతుంది. పక్కకు తిరిగి ఉంటే పలక మొదట వంగుతుంది, తర్వాత వెల్డింగ్ అంచున చిట్లుతుంది. బోల్టును పలక ఒకవైపే పట్టుకోకుండా రెండు పలకల మధ్య బెల్టు కొస వచ్చేలా కడితే ఇంకా మేలు. ఏ పద్ధతిలోనైనా బోల్టు బిగించాక బెల్టు కొస లోహం అటూ ఇటూ తిరగగలగాలి. బిగుసుకుపోయి ఉంటే పట్టీ మెలిపడి ఒక అంచు మీదే బలం పడుతుంది. మధ్యలో చిన్న బుష్ (లోహపు గొట్టం ముక్క) వేస్తే తిరుగుతుంది.

ఫ్రేము దొరకని చోట, పాత జీపు ఫ్లోరు లాంటి రేకు మీదే పట్టు పెట్టాల్సి వస్తే కింద నుంచి బలపు పలక తప్పనిసరి. ఎఫ్‌ఐఏ కొలత కనీసం 40 చదరపు సెంటీమీటర్లు, 3 మిల్లీమీటర్ల మందం. 65 మిల్లీమీటర్ల చతురస్రం కోస్తే సరిపోతుంది. మూలలు గ్రైండరుతో గుండ్రం చేయండి, పదునైన మూల రేకును కత్తిలా కోస్తుంది. తుప్పు పట్టిన రేకయితే ముందు రేకు మార్చండి. సుత్తితో తడితే టంగుమని కాక మొద్దుగా మోగే చోట బోల్టు పెట్టవద్దు.

అయిదో పని: భుజాల పట్టీలు

భుజాల పట్టీలు సీటు వీపుకు కాదు, సీటు వెనక ఫ్రేముకు ఒక చివర నుంచి ఇంకో చివరకు అడ్డంగా వెల్డ్ చేసిన పైపుకు బిగించాలి. ఎఫ్‌ఐఏ ఈ అడ్డపైపుకు 38 మిల్లీమీటర్ల వ్యాసం, 2.5 మందం, లేదా 40 వ్యాసం, 2 మందం ఉన్న అతుకులేని ఉక్కు పైపు అడుగుతుంది.

దాని ఎత్తే అసలు ప్రశ్న. సీటు వీపు పై అంచు నుంచి పట్టీ వెనక్కి పోతూ కాస్త కిందికి దిగాలి. 10 డిగ్రీలు ఉత్తమం, 45 దాటకూడదు. 30 సెంటీమీటర్లు వెనక్కి పోయేసరికి 5 సెంటీమీటర్ల చిల్లర దిగితే అది 10 డిగ్రీలు. పైపు బాగా కిందికి ఉంటే పట్టీ భుజాన్ని వెనక్కి కాక కిందికి నొక్కుతుంది. గుద్దుకున్నప్పుడు ఆ నొక్కుడంతా వెన్నెముక మీద పడుతుంది, పూసలు నలుగుతాయి. ఫ్లోరు మీద ఎక్కడో బోల్టు వేసి, అక్కడ నుంచి పొడుగ్గా పట్టీలు లాగేవాళ్లు చాలామంది. అది రెండు విధాల తప్పు. వెన్నుకు హాని. పైగా పట్టీ ఎంత పొడుగైతే అంత సాగుతుంది. మీ మొహానికీ స్టీరింగుకూ మధ్య ఖాళీని ఆ సాగుడే తినేస్తుంది.

రెండు పట్టీల మధ్య దూరం పైపు దగ్గర 18 నుంచి 23 సెంటీమీటర్లు ఉంచండి. మరీ దగ్గరైతే మెడను ఒరుసుకుంటాయి, మరీ దూరమైతే భుజం మీద నుంచి జారిపోతాయి. పైపు చుట్టూ తిప్పి బిగించే రకం అయితే, పట్టీ పక్కకు జరగకుండా రెండు వైపులా చిన్న రింగులు వెల్డ్ చేయండి. మేం 6 మిల్లీమీటర్ల కడ్డీ వంచి వేశాం. వేశాక అంచులను ఆకురాయితో నునుపు చేసి, వేలితో తడిమి చూశాం. వేలికి గీరుకునేది పట్టీకీ గీరుకుంటుంది.

మూడు పాయింట్ల బెల్టయితే పై పట్టు భుజం ఎత్తున గానీ, కొంచెం పైన గానీ ఉండాలి. కిందికి మాత్రం రాకూడదు. పట్టీ మెడకూ భుజం చివరకూ మధ్య నుంచి పోవాలి.

కాళ్ల మధ్య పట్టీ గురించి ఎక్కువ చెప్పేది లేదు. అయిదు పాయింట్ల దాంట్లో దాని పట్టు, ఛాతీ వాలు గీతను సీటు కిందికి పొడిగిస్తే అది తగిలే చోట ఉండాలి, లేదా దానికి 20 డిగ్రీలలోపు ముందుకు ఉండాలి. సీటు కన్నం అంచుకు రబ్బరు బీడింగు వేయండి.

ఆరో పని: బోల్టులు, వెల్డింగ్

బెల్టు బోల్టులు రెండు కొలతల్లో వస్తాయి. కార్ల బెల్టులకు సాధారణంగా 7/16 అంగుళాల యూఎన్ఎఫ్, అంటే అంగుళానికి 20 థ్రెడ్లు. లేదా ఎం12, అంటే 12 మిల్లీమీటర్లది, తల మీద 8.8 అని అచ్చు ఉన్నది. తల మీద అంకె లేని బోల్టు హార్డ్‌వేర్ షాపులో గేటుకు కొంటారు, బెల్టుకు కాదు. రెండు కొలతలూ చూపుకు ఒకేలా ఉంటాయి కానీ 7/16 అంటే 11.1 మిల్లీమీటర్లు. ఒకదాని బోల్టుకు ఇంకోదాని నట్టు వేయకండి. నట్టు నైలాక్ (లోపల నైలాన్ రింగు ఉండి వదులవకుండా పట్టేది) అయి ఉండాలి, బిగించాక కనీసం రెండు థ్రెడ్లు బయటికి కనబడాలి. తల రింగులా ఉండే ఐబోల్టుకు కొక్కెం తగిలించే రకమైతే లాగుడు బోల్టు కాడ దిక్కుకే పడాలి, పక్కకు పడితే కాడ వంగుతుంది. కొక్కేనికి స్ప్లిట్ పిన్ తప్పక వేయండి.

కేజ్ పైపుకు అడ్డంగా డ్రిల్లు పెట్టి బోల్టు దూర్చకండి. ఆ కన్నం దగ్గర పైపు బలం తగ్గుతుంది, బిగిస్తే నలుగుతుంది. కన్నం తప్పదనుకుంటే లోపల బుష్ వేసి రెండు వైపులా వెల్డ్ చేయండి.

పలకలకు ముందు చిన్న చుక్కల వెల్డింగ్ మాత్రమే వేసి, మనిషిని మళ్లీ కూర్చోబెట్టి, తాడుతో కోణాలు మళ్లీ చూసుకోండి. తర్వాతే పూర్తి వెల్డింగ్. ఇది చేయి తిరిగిన వెల్డరు పని, నేర్చుకునే కుర్రాడికి ఇవ్వకండి. పైకి గీత అందంగా ఉన్నా లోపలికి దిగకపోతే అది అతుకు కాదు.

వెల్డింగ్ మొదలుపెట్టే ముందు బెల్టులు విప్పి బయట పెట్టండి. మా షెడ్డులోనే ఒకసారి కప్పి ఉంచాం కదా అని వదిలేశాం. సాయంత్రం చూస్తే కొత్త పట్టీ మధ్యలో ఆవగింజంత కన్నం, చుట్టూ నల్లగా గట్టిపడిన అంచు. ఒక్క నిప్పు రవ్వ పని అది. ఆ పట్టీని కోసి చెత్తలో వేశాం, ఎవరూ మళ్లీ తీసి వాడకుండా.

ఏడో పని: పట్టీని అడ్జస్టరులో ఎక్కించడం

మూడు కడ్డీల అడ్జస్టరులో పట్టీని లోపలికి తీసుకెళ్లి, పట్టు చుట్టూ తిప్పి, మళ్లీ అడ్జస్టరులోకి తెచ్చాక చాలామంది అక్కడితో ఆపేస్తారు. అలా ఆపితే బలం పడగానే కొస జారి ఊడిపోతుంది. కొసను ఇంకోసారి వెనక్కి తిప్పి, మొదటి కన్నంలోంచి తీయాలి. అప్పుడు పట్టీ తన మీదే తాను కూర్చుని బిగుసుకుంటుంది. బయటికి కనీసం 10 సెంటీమీటర్ల కొస మిగలాలి. అడ్జస్టరును పట్టుకు వీలైనంత దగ్గరికి జరపండి. ఇది రాత్రి దీపం వెలుగులో చేయకండి, పగలు చేసి ఇంకొకరికి చూపించండి.

ఎనిమిదో పని: కూర్చుని చూడటం

పెట్టుకునే వరస ఇది: ముందు నడుం పట్టీ, తుంటి మీద బాగా కిందికి, గట్టిగా. తర్వాత కాళ్ల మధ్య పట్టీ, వదులు తీసేదాకా చాలు. చివర్లో భుజాలు. భుజాలు ముందు బిగిస్తే నడుం పట్టీ పైకి లేస్తుంది, మొదటి నుంచి చేసిన కోణాలన్నీ వృథా. బకిల్ పొట్ట మీద కాక దాని కింద, నడుం ఎముకల మధ్య కూర్చోవాలి. భుజం పట్టీ కింద చాచిన వేళ్లు మాత్రం దూరాలి, పిడికిలి దూరకూడదు.

పూర్తిగా బిగించుకుని చేయి చాపండి. ఇంజను ఆపే స్విచ్ అందుతోందా? మంటలార్పే సిలిండరు అందుతోందా? గేరు అన్నీ పడుతున్నాయా? మాకు స్విచ్ అందలేదు. విడిగా కూర్చున్నప్పుడు అందేది, హార్నెస్ బిగించాక నాలుగు అంగుళాలు దూరమైంది. డ్యాష్ నుంచి తీసి స్టీరింగు పక్కకు మార్చాం.

తర్వాత బయటికి రావడం. బాజా పోటీలో డ్రైవరు 5 సెకన్లలో బండిలోంచి బయటపడాలి. మీ బండికీ అదే హద్దు పెట్టుకోండి. మా మేనల్లుడికి మొదటిసారి 9 సెకన్లు పట్టింది. కాళ్ల మధ్య పట్టీ మోకాలికి చుట్టుకుంది, హెల్మెట్ కేజ్‌కు తట్టింది. "మావయ్యా, మళ్లీ టైం పెట్టు" అని సాయంత్రం దాకా దిగుతూనే ఉన్నాడు. చివరికి కళ్లకు గంతలు కట్టుకుని 4లో దిగాడు. కళ్లకు గంతలు ఎందుకంటారా, పొగలో, దుమ్ములో, తలకిందులుగా ఉన్నప్పుడు చూపు పనిచేయదు, చెయ్యే బకిల్‌ను వెతుక్కోవాలి.

తొమ్మిదో పని: వానాకాలం

మన వైపు జూన్ నుంచి బురద, తర్వాత ఎండిన బురద ధూళి. పట్టీని గోరువెచ్చని నీళ్లు, మెత్తటి సబ్బుతో తుడిచి నీడలో ఆరేయండి. బ్లీచింగు వద్దు, రంగు వేయడం అసలే వద్దు. బ్యాటరీ నీళ్లు ఒక్క చుక్క పడినా ఆ పట్టీ మార్చాల్సిందే, పైకి ఏమీ కనబడకపోయినా సరే. బండిని చెట్టు కింద పెట్టినా సీటు మీద గోనెపట్టా కప్పండి, ఎండ పట్టీకి శత్రువు.

నెలకు ఒకసారి పట్టీ మొత్తం పొడవునా వేళ్ల మధ్య మడిచి జరుపుకుంటూ పోండి. దారాలు లేచిన చోటు, గట్టిపడిన చోటు, కుట్లు తెగిన చోటు వేలికి తెలుస్తుంది. బోల్టుకూ పలకకూ కలిపి అడ్డంగా ఒక తెల్ల పెయింటు గీత గీయండి. గీత రెండుగా విడిపోయి కనబడితే బోల్టు తిరిగిందని అర్థం. వెల్డింగ్ అంచున తుప్పు సన్నటి గీతలా కనబడితే అది తుప్పు కాదు, పగులు కావచ్చు. పెయింటు గోకి చూడండి.

బండి బోల్తా పడినా, గట్టిగా గుద్దుకున్నా బెల్టులు మార్చండి, పలకలన్నీ మళ్లీ చూడండి. ఆగస్టులో మహేంద్రతనయ ఒడ్డున ఇసుకలో మా మేనల్లుడి బగ్గీ పక్కకు పడింది. ఇద్దరూ బెల్టుల్లోనే వేలాడారు, విప్పుకుని నడుచుకుంటూ వచ్చారు. మర్నాడే ఆ బెల్టులు రెండూ కోసేసి కొత్తవి తెప్పించాం. "బాగానే ఉన్నాయి కదా మావయ్యా" అన్నాడు. కత్తెర వాడి చేతికే ఇచ్చాను.